సమస్య: "గెలిచి యేడ్చె రాజు గెలుపుఁ జూచి"

లఘుగురువు (నిర్వాహకుడు):
మిత్రులారా, ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. అయిదూ సూర్యగణాలే (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు), యతి (మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి) గె–గె. మిగతా మూడు పాదాలు మీవి. ఒక్కటే షరతు: ఆ రాజు పాత సాహిత్యంలోని పాత్ర కావాలి, చుట్టూ ఉన్న లోకంతో అతనికి ఎక్కడ పొసగలేదో పద్యంలో కనిపించాలి. కథంతా చెప్పేయొద్దు. మూడు పాదాల్లో కథ పట్టదు, ఒక క్షణం పడుతుంది.

చాదస్తం:
సమస్య మరీ మెత్తగా ఉందండీ. భారతం చదివినవాడికి ఇందులో విరుద్ధమే లేదు, ధర్మరాజు సిద్ధంగా ఉన్నాడు.

లఘుగురువు:
ఉన్నాడు. ఎలా ఏడిపిస్తారో చూద్దాం.

గౌతమి తీరం:

కర్ణుఁ డన్న యంచుఁ గన్నతల్లియె చెప్ప
రాజ్యమేల యనుచు రగిలి రగిలి
పీనుఁగులను దాటి పీఠ మెక్కఁగ నాఁడు
గెలిచి యేడ్చె రాజు గెలుపుఁ జూచి

లఘుగురువు:
మొదటి పాదం నాకు బాగా నచ్చింది. "కన్నతల్లి" అన్న మాట ఇద్దరికీ వర్తిస్తుంది, కర్ణుడికీ ధర్మరాజుకీ. అసలు బాధంతా అక్కడే ఉంది. యుద్ధంలో చచ్చినవాళ్ల కోసం ఏడవడం వేరు, అన్నని చంపించానని యుద్ధమయ్యాక తెలియడం వేరు. మూడో పాదంతోనే పేచీ. కుంతి ఆ మాట చెప్పింది తర్పణాలప్పుడు, స్త్రీపర్వం చివర. అప్పటికి దహనాలు అయిపోయాయి. ఇక పీనుగులు ఎక్కడివి?

గౌతమి తీరం:
నిజమే గురువుగారూ, పీ–పీ యతి కుదిరిందని మురిసిపోయాను. ఇలా మారిస్తే?

చితుల బూది దాటి సింహాసనం బెక్క

చాదస్తం:
చి–సిం యతి చెల్లుతుందా?

లఘుగురువు:
భేషుగ్గా చెల్లుతుంది, చవర్గానికీ శషసలకీ మైత్రి ఉంది. పీనుగుల కంటే బూడిదే బాగుంది. శాంతిపర్వం మొదలయ్యేది కూడా ఇక్కడే. ఈయన అడవికి పోతానంటాడు. తమ్ముళ్లు, ద్రౌపది అందరూ రాజ్యం చెయ్యమంటారు. ఒకరోజు రెండ్రోజుల వాదన కాదది. చివరికి అంపశయ్య మీద ఉన్న భీష్ముడి దగ్గరికి తీసుకెళ్లాల్సి వచ్చింది. గెలిచినవాడు ఏడవకూడదని లోకం పట్టు. ఏడుపే నిజమని ఈయన పట్టు.

కొత్తకలం:
నమస్కారం. ఇది నా మొదటి ఆటవెలది, టెన్షన్‌గా ఉంది. తప్పులుంటే చెప్పండి.

లంక గెలిచి సీతను తెచ్చె రాముఁడు
ఊరి మాట విన్న యొడయఁ డయ్యె
నాలి నడవి కంపి యంతఃపురమ్మున
గెలిచి యేడ్చె రాజు గెలుపుఁ జూచి

లఘుగురువు:
టెన్షన్ ఎందుకమ్మా, రెండో పాదం చూశాక ఇది మొదటిదంటే నమ్మబుద్ధి కాలేదు. "ఊరి మాట విన్న యొడయఁడు" అనడంలో రాముణ్ని తిట్టలేదు, వెనకేసుకురాలేదు. మొదటి పాదం మాత్రం తడబడింది. లంక, గెలిచి, సీత: ఇంతవరకూ సూర్యగణాలే. బేసి పాదంలో వాటి తర్వాత రెండు ఇంద్రగణాలు రావాలి. వచ్చిన "నుతెచ్చె" జగణం (లఘువు-గురువు-లఘువు), అది ఇంద్రగణాల్లో లేదు. యతి స్థానంలో "ల" రావలసింది, "ను" వచ్చింది. ఇలా చూడండి:

లంక గెలిచి తెచ్చె లలనను రాముఁడే
యూరి మాట విన్న యొడయఁ డయ్యె

"రాముఁడే" అనేసరికి తెచ్చినవాడూ పంపినవాడూ ఒకడేనన్న పోటు కూడా వచ్చింది. అసలు చిక్కు ఇంకొకటి ఉంది. మీ మూడో పాదంలో రాజు ఏడవడానికి కారణం ఉంది గాని, "గెలుపుఁ జూచి" అన్నదానికి గెలుపు లేదు. లంక గెలిచి ఎన్నాళ్లయింది! ఇప్పుడు ఆయన కళ్లెదుట ఏముంది?

కొత్తకలం:
రాత్రంతా ఆలోచించాను. ఉత్తరకాండలో యాగానికి బంగారు సీతను పక్కన పెట్టుకుంటాడు కదా.

పసిఁడి సీత ప్రక్క భార్యగాఁ గూర్చుండ
గెలిచి యేడ్చె రాజు గెలుపుఁ జూచి

అనుమానం: "సీత ప్రక్క"లో "త" గురువు అయిపోదా?

లఘుగురువు:
అవదు. "ప్రక్క" తెలుగు మాట, "సీత"తో సంస్కృత సమాసం కాలేదు. కాబట్టి "త" లఘువే. పద్యం ఇప్పుడు నిలబడింది. ఊరు కోరినట్టే జరిగింది, వేలెత్తి చూపడానికి వీల్లేని భార్య దొరికింది. బంగారానికి నిందేమిటి! ఆ గెలుపు చూసి ఏడవక ఏం చేస్తాడు.

చాదస్తం:
ఇది నాకూ నచ్చింది. రాసిపెట్టుకోండి, అరుదుగా అంటాను.

బండరాయి:
మాది గుత్తి వైపు. అశోకుడి శాసనాలున్న ఎర్రగుడి బండలు చూస్తూ పెరిగినవాణ్ని, నాకు వేరే రాజు గుర్తుకు రాడు.

పోరు ముగిసెఁ గాని పోలేదు శోకంబు
రాతి మీఁద మిగిలె రగులు బాధ
లక్షమంది చావ లక్ష్మియె దక్కెనా?
గెలిచి యేడ్చె రాజు గెలుపుఁ జూచి

చాదస్తం:
అశోకుడు సాహిత్య పాత్ర కాదు, షరతు తప్పింది.

బండరాయి:
13వ శాసనం చదవండి సార్. లక్ష మంది హతమయ్యారని, లక్షన్నర మందిని తరలించుకుపోయారని, అందుకు తాను బాధపడుతున్నానని రాజే చెప్పుకుంటాడు. అంతకంటే సాహిత్యం ఏం కావాలి?

లఘుగురువు:
లక్ష–లక్ష్మి అందంగా పడింది. షరతు సంగతి పక్కన పెడదాం, ఇంకో మాట చెప్పాలి. ఆ 13వ శాసనం మన ఎర్రగుడిలో ఉంది గాని కళింగంలో లేదు. ధౌళిలో, జౌగడలో దాన్ని వదిలేసి వేరే శాసనాలు చెక్కించారు. అంటే ఆ కన్నీళ్లు ఊరూరా కనిపించాయి, ఓడినవాళ్లకు తప్ప. మీ పద్యంలో "రాతి మీఁద మిగిలె" అని ఊరుకున్నారు. ఏ రాతి మీద మిగల్లేదో చెప్పి ఉంటే ఈ వారం ఇదే మొదటిది అయ్యేది.

అడ్డగీత:
మీరంతా ఇక్కడే తిరుగుతున్నారు, నేను గ్రీసు వెళ్లొచ్చాను. సోఫోక్లీస్ నాటకంలోని థీబ్స్ రాజు ఈడిపస్.

పొడుపుకథను విప్పి పురికి నేలిక యయ్యెఁ
దల్లి యనక తాళిఁ దానె కట్టెఁ
గనులు పొడుచుకొనుచుఁ గన్న నిజముఁ దల్చి
గెలిచి యేడ్చె రాజు గెలుపుఁ జూచి

చాదస్తం:
థీబ్స్ నగరంలో తాళి! పసుపూ కుంకుమా కూడా పంపించాల్సింది.

లఘుగురువు:
తాళి సంగతి అటుంచండి, "తల్లి యనక" అంటే తల్లి అని తెలిసీ లెక్కచెయ్యలేదని అర్థమొస్తుంది. అతనికి తెలియదు, నాటకమంతా ఆ తెలియకపోవడం మీదే నడుస్తుంది.

అడ్డగీత:
ఒప్పుకున్నాను. రెండో పాదం:

దల్లి నాలిఁ జేసెఁ దా నెఱుఁగక

చాదస్తం:
ఇది సరే. కళ్లు పొడుచుకున్నవాడు గెలుపును ఎలా చూశాడంటారు?

అడ్డగీత:
కళ్లున్నన్నాళ్లూ చూడలేదు కదండీ. ఆ ఊళ్లో సంగతంతా ముందే తెలిసినవాడు టైరీసియస్ అనే జోస్యుడు ఒక్కడే, ఆయనేమో గుడ్డివాడు.

లఘుగురువు:
జవాబు పద్యం కంటే బాగుంది. దాన్నే మూడో పాదంలో పెట్టి మళ్లీ రండి, శనివారం దాకా తలుపు తీసే ఉంటుంది.