మా కుక్కకి పొదుగు దగ్గర గడ్డ: ఆపరేషన్‌కి ముందు డాక్టర్‌ని ఏమేం అడగాలి?
మా ఆడకుక్కకి 9 ఏళ్లు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు. వెనక కాళ్ల వైపు చన్ను పక్కన బఠాణీ గింజంత గడ్డ తగులుతోంది. గట్టిగా ఉంది, నొక్కినా అది మూలగట్లేదు. డాక్టర్ గారు తడిమి చూసి "తీసేద్దాం" అన్నారు, అంతే, ఇంకేం చెప్పలేదు. ఇలాంటి వాటిలో దాదాపు సగం క్యాన్సర్ గడ్డలేనని, 3 సెంటీమీటర్లు దాటకముందే తీయిస్తే మేలని చదివినప్పటి నుంచి ఒకటే టెన్షన్.

ఊపిరితిత్తులకి పాకిందేమో చూడటానికి ముందే ఛాతీ ఎక్స్‌రే తీస్తారా? గడ్డ ఒక్కటే తీస్తారా, ఆ వైపు చన్నుల వరుస మొత్తమా? తీసింది బయాప్సీకి వాళ్లే పంపుతారా, మనమే అడగాలా? గర్భసంచి కూడా అప్పుడే తీయించారా ఎవరైనా? మీ డాక్టర్లు ఏం చెప్పారో దయచేసి రాయండి, ముఖ్యంగా బయాప్సీ రిపోర్టు గురించి.