సమస్యాపూరణం: చందమామపై చెరువులో జాలరి పడె

నిర్వాహకుడు, హన్మకొండ: ఈ వారం తేటగీతి పద్యానికి చివరి పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి.

*చందమామపై చెరువులో జాలరి పడె*

ఒక్కటే షరతు. పూరణ సరదా సైన్సు సాహస నవలలోంచి చించి తెచ్చిన పేజీలా ఉండాలి. రాకెట్టు, రోబో, పచ్చ రంగు గ్రహాంతరవాసి, ఎవరొచ్చినా సరే. లోకాన్ని కాపాడే బాధ్యత మాత్రం ఎవరిమీదా పెట్టకండి. పేర్లు వద్దు, ఊరి పేరుతో పంపితే చాలు.

మంథని:

నిండు పున్నమి రామప్ప నీటిపైన
తెప్ప యొరుగంగ నొకసారి తేలి తూలి
మెఱపు బింబము చేపగా మీది కుఱికి
చందమామపై చెరువులో జాలరి పడె

రాకెట్టు లేకుండానే పని జరిగింది. ఆ నవలలు పిల్లల కాలక్షేపానికే తప్ప పద్యానికి పనికిరావని నా అభిప్రాయం.

నిర్వాహకుడు: పంతులుగారూ, ధార గురించి చెప్పేదేముంది, నాలుగు పాదాలూ నీళ్లలా నడిచాయి. కానీ చంద్రుణ్ణి నీడగా మార్చేస్తే సమస్య విడిపోతుంది, సాహసం మొదలుకాదు. జాలరి రామప్ప చెరువున్న ములుగు జిల్లా దాటలేదు. ఇక కాలక్షేపం మాటంటారా, రెండో శతాబ్దంలోనే లూసియన్ అనే రచయిత ఒక ఓడను సుడిగాలికి ఎగరేసి చంద్రుడి మీద దింపాడు, తాను రాసేదంతా అబద్ధమని ముందే చెప్పి మరీ. మన బమ్మెర పోతన్న మాత్రం? ఏనుగు మొర వినగానే హరి శంఖచక్రాలు కూడా మరిచి, చేత చిక్కిన లక్ష్మీదేవి కొంగు వదలకుండానే పరుగెత్తాడు. ప్రాణం మీదికి వచ్చిన వేళ కూడా కవి నవ్వించాడు.

వరంగల్, డిగ్రీ విద్యార్థి: మొదటి ప్రయత్నం, పెద్దలు మన్నించాలి.

నవల చదువుచు నిదురించి నడిమి రేయి
కలను రాకెట్టు నెక్కి మింటికిని ఎగిరి
వలను మఱచిన సంగతి పైన దెలిసి
చందమామపై చెరువులో జాలరి పడె

నిర్వాహకుడు: తమ్ముడూ, రెండో పాదంలో యతి చెల్లలేదు. పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జత కుదరాలి, "క"కు "టి" కుదరదు. "కలను రాకెట్టు నెక్కి యాకసము చేరి" అంటే గణాలు చెదరవు, యతీ దొరుకుతుంది. మూడో పాదం నాకు భలే నచ్చింది. అంత దూరం వెళ్లి వల మరిచానని తెలుసుకునేవాడే ఇలాంటి నవలకు తగిన నాయకుడు. మహావీరుడైతే మనకు వాడి మీద అంత ప్రేమ పుట్టదు. కానీ కల అన్నావు చూడు, అక్కడే నీరుగారింది. లేవగానే అంతా ఉత్తిదే అయితే, అంత ప్రయాణం చేసిన పాఠకుడికి టికెట్టు డబ్బులు ఎవరిస్తారు?

ములుగు:

తేలు నిటుకల నోడను తీర్చి యెక్కి
గాలి లేనట్టి మింటికి గంతు వేసి
ఓడ వేడికి మంచెల్ల నూట యైన
చందమామపై చెరువులో జాలరి పడె

నిర్వాహకుడు: ఇదీ ఓడంటే! రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీట తేలేంత తేలికైనవి. 1213 నాటి శాసనమున్న గుడి, 2021లో యునెస్కో గుర్తింపు పొందిన గుడి, దాని ఇటుకలతో అంతరిక్ష నౌక కట్టించారు. నీట తేలేది శూన్యంలో ఎగరదని నాకూ తెలుసు. అయినా ఒప్పుకుంటాను. నవలకు ఒక అబద్ధం ఉచితం.

కాజీపేట: రెండోది ఉచితం కాదు కదా అన్నా! ధ్రువాల దగ్గర ఎండ ఎరుగని గుంతల్లో మంచు ఉందన్నది నిజమే. అక్కడ చలి మైనస్ 200 డిగ్రీల కంటే కిందికి పోతుంది. కానీ గాలి ఒత్తిడి లేనిచోట మంచు వేడెక్కితే నీరు కాదు, నేరుగా ఆవిరైపోతుంది. చెరువు నిలవాలంటే పైన మూత కావాలి. ఇదిగో నా మూత:

గాజు గొడుగున నూరంత గాలి నింప
ఆరు పాళ్లలో నొక్కటై యతని బరువు
వలను విసరగ నెగిరి తా వాలి తేలి
చందమామపై చెరువులో జాలరి పడె

నిర్వాహకుడు: మూడు మీటర్ల ఎత్తు నుంచి పడటానికి మనకు 0.8 సెకను పడుతుంది. చంద్రుడి మీద దాదాపు 2 సెకన్లు. నీళ్లు తాకేలోపు ఒక తిట్టు పూర్తిగా తిట్టుకోవచ్చు, గట్టుమీద భార్య దానికి బదులు కూడా చెప్పవచ్చు. "వాలి తేలి" అన్న చోట ఆ జాప్యం వినిపించింది. ఇక్కడ నవ్వు పుట్టిందే గురుత్వాకర్షణ లెక్కలోంచి. లెక్క తప్పితే నవ్వూ పోయేది. తేలికపాటి నవల కదా అని సైన్సును గాలికి వదిలేసేవాళ్లు కాజీపేట తమ్ముణ్ణి అడిగి రాయాలి.

ములుగు: మూతకు ధన్యవాదాలు. నా ఓడకు అద్దె మాత్రం ఇవ్వాలి.

జగిత్యాల: నేను మంచు జోలికీ, మూత జోలికీ పోలేదు. చంద్రుడి పటంలో సరస్సులు ఎప్పటి నుంచో ఉన్నాయి. స్వప్న సరస్సు అని ఒకటుంది. 1651లో ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త రిచోలీ ప్రకటించిన పటం నుంచి ఇలాంటి పేర్లు స్థిరపడ్డాయి. నిజానికి అవన్నీ గడ్డకట్టిన లావా మైదానాలు. మా జాలరి ఆ సంగతి కనుక్కోకుండా వేలంపాటకు పోయాడు.

పటములో పేరు గని గుత్త పట్టి పోయి
చుక్క నీరైన కనరాక సోలి తూలి
మోసపోతి నటంచును మోకరిల్లి
చందమామపై చెరువులో జాలరి పడె

నిర్వాహకుడు: అక్కా, ఈ వారం చప్పట్లు మీకే. మిగతా పూరణలు చంద్రుడి మీద చెరువును ఎలా తేవాలా అని తంటాలు పడ్డాయి. మీరు ఉన్న చెరువునే ఎండగట్టి చూపారు. అబద్ధం ఒక్కటి కూడా ఖర్చు కాలేదు, గుత్తదారుడు అక్కడికెలా చేరాడన్నది తప్ప. చెరువు గుత్త, పాట, మోసపోయానని కూలబడటం, ఇవన్నీ మన ఊళ్లో చూసినవే కాబట్టి చంద్రుడి మీద కూడా ఆ మనిషి కొత్తగా అనిపించలేదు.

కాజీపేట: సైన్సు తప్పు దొరకలేదు. కొంచెం బాధగానే ఉంది.

మంథని: "సోలి తూలి" అన్న తర్వాత మళ్లీ "పడె" అనడంలో కొంత పునరుక్తి ఉంది. మోకరిల్లినవాడు పడటం కూడా కుదరదు, అప్పటికే కింద ఉన్నాడు. అది అలా ఉంచండి. గుత్త సొమ్ము వాపసు వచ్చిందా? వాడు ఇంటికి ఎలా చేరాడు?

జగిత్యాల: పంతులుగారూ, అది రెండో అధ్యాయం. ములుగు వారి ఓడ అద్దెకు దొరికితే చెబుతాను.

మంథని: అద్దెలో సగం నేను భరిస్తాను. తొందరగా రాయండి.

నిర్వాహకుడు: వచ్చే ఆదివారానికి ఆటవెలది చివరి పాదం:

*శనికి వలయ మొకటి సైకి లయ్యె*

నీడలు, కలలు నిషిద్ధం. సైకిలుకు బ్రేకులు ఎలా పనిచేస్తాయో కాజీపేట తమ్ముడు అడుగుతాడు, సిద్ధంగా రండి.