అప్‌డేట్: టీచర్ ట్రైనింగ్ కోర్సుకి అప్లై చేసేముందు దేంతో మొదలుపెట్టాలి?

యూనివర్సిటీ టీచర్ ట్రైనింగ్ కోర్సుకి అప్లై చేయాలంటే మొదట ఎస్సే (టీచర్ ఎందుకు కావాలనుకుంటున్నామో చెప్పే వ్యాసం) రాసుకోవాలా, సర్టిఫికెట్లు పోగుచేసుకోవాలా అని అడిగాను. మీ జవాబులన్నీ చూశాక తేలింది: మన చేతిలో లేనివే ముందు. అంటే సిఫార్సు లేఖలు, ట్రాన్స్‌క్రిప్టులు (యూనివర్సిటీ ఇచ్చే మార్కుల పత్రాలు), అడిగితే పోలీస్ వెరిఫికేషన్. వెరిఫికేషన్‌ని మరీ ముందే తీసుకుంటే అడ్మిషన్ నాటికి గడువు దాటిపోవచ్చు, తేదీ చూసుకోండి.

లేఖ అడిగేటప్పుడు రెజ్యూమె, ఎస్సే డ్రాఫ్ట్, చివరి తేదీ ఒకే మెయిల్లో పంపాలి. లేదంటే "మంచి విద్యార్థి, క్రమశిక్షణ ఉంది" అని రెండు ముక్కలు రాసి ఇచ్చేస్తారు. ఒక్క లేఖైనా మీరు పిల్లలతో పనిచేయడం చూసినవాళ్లది ఉండాలి.

ఎస్సేకి అసలు సరుకంతా క్లాస్ అబ్జర్వేషన్ నోట్సులో, అంటే స్కూల్లో టీచర్ పాఠం చెప్తుంటే కూర్చుని చూసి రాసుకున్నదాంట్లో ఉంది. తేదీ, తరగతి, సబ్జెక్టు, ఎన్ని నిమిషాలు, టీచర్ సంతకం ఆరోజే రాయించుకోవాలి. తర్వాత తిరగడం నరకం. "టీచర్ బాగా చెప్పారు" అని రాస్తే పనికిరాదు. ఇలా ఉండాలి: 1/2 + 1/3 = 2/5 అని రాసిన పిల్లాడిని తప్పు అనకుండా, సమానమైన కాగితపు పట్టీలు మడిచి పక్కపక్కన పెట్టమన్నారు. కూడితే వచ్చిన 2/5, మొదట ఉన్న సగం కన్నా చిన్నదని వాడే పట్టుకున్నాడు. ఎస్సేకి ఇంతకన్నా మంచి మొదలు దొరకదు. "చిన్నప్పటి నుంచి టీచర్ కావాలని కల" అన్న లైన్ అందరూ రాసేదే, తీసేయండి.

ఇంకొకటి, డిగ్రీ పేరు చూసి అర్హత ఉందనుకోవద్దు. చెప్పబోయే సబ్జెక్టులో ఎన్ని పేపర్లు, ఎన్ని క్రెడిట్లు ఉన్నాయో మార్కుల జాబితాతో సరిచూసుకోండి.