'పర్సనల్ ఎఫెక్ట్స్'కు మన మాట: సొమ్ములు

'పర్సనల్ ఎఫెక్ట్స్' అన్న మాటను తెలుగులో ఏమనాలని నిన్న ఒక సభ్యులు అడిగారు. ఈ ప్రశ్న నాకు చాలా దగ్గరిది. మా మేనత్త కన్నుమూసిన రోజు, ఆసుపత్రివారు ఆమె వస్తువులను అప్పగిస్తూ మా చేత సంతకం చేయించుకున్న రెండు భాషల కాగితంలో ఈ మాటకు ఎదురుగా 'వ్యక్తిగత ప్రభావాలు' అని అచ్చయి ఉంది. దాని కింద చేతిరాతతో కళ్ళజోడు ఒకటి, ముక్కుపుడక ఒకటి, గాజులు రెండు, గుడ్డసంచి ఒకటి అని రాశారు. అక్కడి ఆయా మాత్రం "సొమ్ములు సరిచూసుకోండమ్మా" అంది. కాగితం రాసినవారికి తట్టని మాట ఆమె నోట అలవోకగా వచ్చింది.

'ఎఫెక్ట్స్' అని బహువచనంలో అన్నప్పుడు ఇంగ్లీషులో మనిషికి చెందిన వస్తువులన్న అర్థం కూడా ఉంది. నిఘంటువులో మొదట కనబడ్డ అర్థంతో ఆగిపోతే 'ప్రభావాలు' వస్తుంది.

ఆయా అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. సొమ్ము అంటే డబ్బు, సొమ్ములంటే నగలు, ఉత్తరాంధ్ర పల్లెల్లోనైతే సొమ్ములంటే పశువులు కూడా. డబ్బునూ పశువునూ ఒకే మాట మోయడం మనకే ప్రత్యేకం కాదు. ఇంగ్లీషులో పశువులను చెప్పే 'క్యాటిల్', న్యాయశాస్త్రంలో చరాస్తిని చెప్పే 'చాటెల్', పెట్టుబడిని చెప్పే 'క్యాపిటల్' మూడూ లాటిన్‌లో తల అనే అర్థమున్న 'కాపుట్' నుంచి దిగినవే. 'క్యాటిల్' కూడా ఒకప్పుడు కదిలే ఆస్తి మొత్తాన్నీ చెప్పిన మాటే; కాలక్రమంలో దాని అర్థం పశువులకు కుదించుకుపోగా, పాత అర్థం 'చాటెల్' రూపంలో కోర్టుల్లో మిగిలింది. ఇక డబ్బుకు సంబంధించినదనే అర్థంలో వాడే 'పెక్యూనియరీ'కి మూలం లాటిన్ 'పెకుస్', అంటే పశువుల మంద. ఆ 'పెకుస్', మన సంస్కృత 'పశు' శబ్దం ఒకే మూలానికి చెందినవని భాషాశాస్త్రం చెబుతుంది. ఇది మొదటిసారి తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

మేనత్త గాజులు చూసినప్పుడు నాకు గుర్తొచ్చిన ఇంకో మాట 'పారఫెర్నేలియా'. ఇప్పుడు దానిని ఏదో పనికి కావలసిన సరంజామా అన్న అర్థంలో వాడుతున్నారు గానీ, గ్రీకులో అది కట్నం కాక పెళ్ళికూతురు వెంట తెచ్చుకునే సొత్తు. భర్త సొంత ఆస్తిలా భార్య బట్టలనూ నగలనూ వీలునామాలో వేరొకరికి రాసివ్వకుండా ఇంగ్లండు పాత న్యాయం ఈ పేరుతోనే అడ్డుకునేది. వివాహిత స్త్రీలకు తమ ఆస్తిపై పూర్తి హక్కును అక్కడ 1882 నాటి చట్టం ఇచ్చింది. చట్టాలు వేరైనా, భావంలో దీనికి దగ్గరగా వచ్చే మన మాట స్త్రీధనమే.

'అసెట్స్' సంగతి కొంచెం వేరు. పాత ఫ్రెంచిలో దాని మూలానికి 'చాలినంత' అని అర్థం. చనిపోయినవాడి అప్పులు తీర్చడానికి చాలినంత ఉందా అన్న లెక్కలోంచి అది న్యాయభాషలోకి వచ్చింది. కాబట్టి ఆస్తి–అప్పుల పట్టీలో దీనిని 'ఆస్తులు' అనడం సరిగ్గా అతుకుతుంది. కానీ అదే ఆస్తి అన్న మాటను 'బిలాంగింగ్స్'కూ 'పొసెషన్'కూ వాడడం నాకు సమ్మతం కాదు. రైలు పెట్టెలో మన పక్కనున్నది సామాను. పొలం ఎవరి పేరున ఉన్నా ఎవరు దున్నుకుంటున్నారో వారిది స్వాధీనం, అది హక్కుకు భిన్నమైన సంగతి. అందుకే మన విక్రయ దస్తావేజుల్లో హక్కు బదలాయించినట్టు రాశాక, స్వాధీనపరచిన సంగతిని విడిగా రాస్తారు.

అడిగినవారు ఆసుపత్రి కాగితం కోసమే అడిగారు కనుక నా సూచన ఇది: 'రోగి వెంట ఉన్న సొమ్ములు, సామాను' అని రాయండి. నగలు, నగదు మొదటి మాటలోనూ, కళ్ళజోడూ గుడ్డసంచీ రెండో మాటలోనూ ఇముడుతాయి, సంతకం పెట్టేవారికి మరొకరు వివరించనక్కరలేదు.