బాతు పిల్లకి కాళ్ళు వంకర పోతన్నాయి, తెలిసినోళ్ళు చెప్పండి

కోవూరు కుర్రోడు:
అందరికీ నమస్తే. మాది కోవూరు పక్కన పల్లె. కోతలైనాక మా కయ్యల్లో రాలిన వడ్లు మేపుకునేదానికి బాతులోళ్ళు మందని తోలుకొచ్చినారు, పోయేటప్పుడు మా పాప ఏడుస్తా ఉంటే రెండు పిల్లల్ని చేతిలో పెట్టి పోయినారు. ఇప్పుడు నెల దాటింది. ఒకటి బ్రహ్మాండంగా ఉండాది, కాలవ గట్టంతా దాందే. రెండోదానికి పాప బుజ్జమ్మ అని పేరు పెట్టి పొద్దస్తమానం ఒళ్ళోనే పెట్టుకుంటాది, దీనికే వచ్చింది తంటా. ఇచ్చినప్పుడు బానే నడిచింది, ఇప్పుడు రెండు కాళ్ళూ బయటికి విల్లులాగా వంగిపోయి నాలుగడుగులేసి కూలబడిపోతాది. కుడి కాలు మరీ ఘోరం, పాదం పక్కకి తిరిగిపోయింది. మేత బానే తింటాది, నూకలు, అన్నం పెడతన్నాం. టౌన్లో ఒక డాక్టర్ దగ్గరికి ఎత్తుకుపోతే బాతుకి వైద్యమేందబ్బా అని నవ్వి ఏదో టానిక్ రాసి పంపించినాడు. మా నాయనేమో దాన్ని ఊరికే హింస పెట్టబాకండిరా అంటన్నాడు. ఇది నయమయ్యేదేనా?

పెన్నా గట్టు:
తమ్ముడూ, ఏమనుకోబాక. మందలోళ్ళకి రోజూ కయ్య మార్చాల, నడవలేంది వెనకబడి కుక్కల పాలవుతాది, వాళ్ళయితే ఇట్టాంటి దాన్ని ఉంచరు. మీ నాయన చెప్పింది తప్పేం కాదు. పాపకి ఇంకో పిల్లని తెచ్చియ్యి, రెండ్రోజుల్లో మర్చిపోతాది.

సింగరాయకొండ అక్క:
పెన్నా గట్టు గారూ, ఆగండి, ఆగండి. ఇచ్చినప్పుడు బానే నడిచిందని రాశాడు కదా, అంటే పుట్టు అవిటి కాదు, మేతలోనే తేడా కొట్టింది. బాతు పిల్లకి నయాసిన్ అని బి3 విటమిన్, అది కోడిపిల్లకంటే బాగా ఎక్కువ కావాలి, కిలో మేతలో 55 మిల్లీగ్రాములు ఉండాలంటారు, కోడిపిల్లకి సుమారు అందులో సగం చాలు. అది చాలకపోతే కాళ్ళు వంగుతాయి, పిల్ల ఎదగదు, కీళ్ళ మీద కూర్చుండిపోద్ది. నూకల్లో ఏముంటది తమ్ముడూ, ఉన్న విటమినంతా పాలిష్ పట్టేటప్పుడే తవుడులోకి పోద్ది, ఆ తవుడు పెట్టినా అందులో ఎక్కువ భాగం ఒంటికి పట్టని రూపంలో ఉంటది. మీ ఇంకో బాతు ఎందుకు బాగుందో తెలుసా, అది కాలవలో నత్తలు, పురుగులు, చిన్న చేపలు ఏరుకు తింటంది. బుజ్జమ్మ పాప ఒళ్ళో కూర్చుని అన్నం మెతుకులు తింటంది, పాపం ముద్దు ఎక్కువై వచ్చిన కష్టం ఇది.

మెడికల్ షాపులో మామూలు నికోటినమైడ్ మాత్ర అడుగు, అది బి3నే, నిదానంగా కరిగే రకం వద్దు. నాలుగు లీటర్ల నీళ్ళకి 100 నుంచి 150 మిల్లీగ్రాములు పడేట్టు పొడి చేసి కలుపు, అవే తాగాలి, వేరే నీళ్ళు పెట్టొద్దు, రోజూ పారబోసి కొత్తవి కలపాలి. ఎక్కువైంది ఒంట్లోంచి పోద్దిలే, అయినా చూసే డాక్టర్ దొరికితే ఒక మాట అడిగి మొదలుపెట్టు. బ్రూవర్స్ ఈస్ట్, అంటే బీరు తయారీలో వాడే ఈస్ట్‌ని చంపి ఎండబెట్టిన పొడి, దొరికితే గ్లాసుడు మేతకి ఒక పెద్ద స్పూను కలుపు. బేకరీ ఈస్ట్ తెచ్చేవు, అది బతికున్న ఈస్ట్, పొట్టలో పొంగుద్ది. ఇంక ఆ టానిక్ సీసా మీద చదువు, ఏ, డి3, ఇ, బి12 మాత్రమే రాసుంటే దాంతో కాళ్ళకి ఒరిగేదేం లేదు.

పొదిలి పశువైద్యం:
నేను డాక్టర్ని కాదు, పశువుల ఆసుపత్రిలో అసిస్టెంట్‌ని. అక్క చెప్పింది కరెక్టే గానీ ఆ కుడి కాలు సంగతి వేరే అనిపిస్తంది. నయాసిన్ లోపం రెండు కాళ్ళనీ పట్టుద్ది, ఒక్క పాదమే పక్కకి తిరిగిందంటే కీలు వెనకాల నరం, అంటే కండని ఎముకకి పట్టి ఉంచే తాడు, జారిందేమో చూడాలి. కాలు మధ్యలో వెనక్కి వంగే కీలు ఉంటది కదా, దాని వెనకాల గాడిలో తాడు మాదిరి గట్టిగా తగలాలి. అది గాడిలో లేకుండా పక్కకి పోయి, కీలు వాచి, వెనక భాగం చదునుగా తగిలితే జారినట్టే. మేతలో మాంగనీస్ అనే ఖనిజం, కోలిన్ అనే విటమిన్ లాంటి పోషకం తక్కువైనా ఇట్లా జరుగుద్ది. కొత్తగా జారితే డాక్టర్ కాలు చాపి లోపలికి నెట్టి కట్టు కడతారు, ఆలస్యమైతే గాడే పూడిపోయి నిలవదు. యూట్యూబ్ చూసి నువ్వే లాగబాకు. 1962 కి ఫోన్ చెయ్యి, పశువుల అంబులెన్స్ వస్తది, బాతు అని మొహమాటపడొద్దు.

ఇంకోటి, పుట్టిన నాలుగైదు రోజుల్లో రెండు కాళ్ళూ పక్కలకి జారిపోయి పొట్ట మీద పడిపోతే దానికి కాళ్ళకి మధ్యలో దూరం ఉంచి మెత్తటి టేపుతో జోడు కడతారు. నెల దాటిన పిల్లకి ఆ జోడు పని చెయ్యదు, ఎవరన్నా చెప్పినా కట్టొద్దు. ఏదైనా సరే కింద న్యూస్ పేపర్, నున్నటి టైల్స్ మాత్రం తీసెయ్యి, గోనె సంచో ఇసకో వెయ్యి, పాదం పట్టు దొరకాలి.

శనక్కాయ చెక్కలో నయాసిన్ బాగానే ఉంటది, మన దగ్గర చవక కూడా, కానీ బూజు పట్టింది పెట్టావో బాతు చచ్చిపోద్ది. మనం పెంచే పక్షుల్లో ఆ బూజు విషాన్ని అన్నిటికంటే తక్కువ తట్టుకునేది బాతే, వాసన తేడాగా ఉంటే గేదెకి కూడా పెట్టొద్దు.

కోవూరు కుర్రోడు:
అందరికీ దండాలు. సీసా చూసినా, అక్క రాసినవే ఉండాయి, నయాసిన్ లేదు. మాత్ర నీళ్ళు మొదలుపెట్టినా, కయ్య గట్లంట నత్తలు ఏరకొచ్చి చితక్కొట్టి పెడతన్నాం, పిలకాయలందరికీ అదే పని అయిపోయింది. ఎండు రొయ్యలు పెట్టొచ్చా, మాకు అవి బాగా దొరుకుతాయి?

సింగరాయకొండ అక్క:
ఉప్పు లేకుండా ఎండబెట్టినవైతేనే. ఉప్పు చేప, ఉప్పు రొయ్య బాతు పిల్లకి విషంతో సమానం. మేత పక్కనే నీళ్ళు ఉండాలి, బాతు పొడి మేత మింగలేదు, ముక్కు రంధ్రాలు మునిగేంత లోతు గిన్నె పెట్టు, లేకపోతే ముక్కూ కళ్ళూ మూసుకుపోతాయి.

కోవూరు కుర్రోడు:
లేటుగా రాస్తన్నా, ఏమనుకోబాకండి. ఎడమ కాలు కుదురుకుంది! పూర్తిగా నిటారు కాలా గానీ దాని మీద బరువేసి లేస్తాది. కుడి కాలు మాత్రం అట్నే ఉండాది. 1962 బండిలో వచ్చిన డాక్టరమ్మ పట్టి చూసి నరం జారి చాలా రోజులైంది, ఇంక లోపల నిలవదు అనింది. నొప్పి ఉంటే కీలు ముట్టుకోనియ్యదు, మేత మానేస్తాది, దీనికి అట్టాంటిదేం లేదు, పెంచుకోండి అనింది. మా నాయన కూడా మెత్తబడినాడు. ఇట్టా కుంటి బాతుని ఎట్టా చూసుకోవాలో చెప్పండి.

సింగరాయకొండ అక్క:
మా దగ్గర ఒకటి ఉంది, దానికీ ఒక కాలు పనికిరాదు, ఇంట్లో అందరికంటే దాని పెత్తనమే ఎక్కువ. మొదట నీళ్ళ సంగతి చెప్తా. టబ్బులో దాని పొట్ట తేలేంత నీళ్ళు పోసి ఈదనియ్యి, నేల మీద లేని బలం నీళ్ళలో వస్తది, కాలు కూడా ఆడుద్ది. కానీ ఒక్కదాన్నే వదిలి పోవద్దు. బాతు మునిగిపోవటమేంది అనుకుంటారు అందరూ, కానీ తోక మొదట్లో ఉండే నూనె తిత్తిని ముక్కుతో అందుకుని ఈకలకి రాసుకుంటేనే నీళ్ళు జారిపోతాయి. కుంటిది వెనక్కి తిరిగి బ్యాలెన్స్ చేసుకోలేదు, ఈకలు నానిపోయి చలికి వణికి మునిగిపోద్ది. అయినాక తువ్వాలతో తుడిచి ఎండలో పెట్టు, నీడ కూడా అందుబాటులో ఉండాలి.

తర్వాత పాదాలు. బరువంతా ఎడమ పాదం మీదే పడుద్ది కాబట్టి రోజూ తిరగేసి చూడు. అడుగున ఎర్రగా వాచినా, మధ్యలో నల్లటి చెక్కు కట్టినా పుండు మొదలైనట్టు, కొయ్యొద్దు, డాక్టర్‌కి చూపించు. రొమ్ము ఎముక మీద కూడా ఈకలు రాలి చర్మం ఒరుసుకుపోద్ది, ఎప్పుడూ కూర్చునే ఉంటది కాబట్టి. కింద వేసింది తడిస్తే మార్చెయ్యి. ఒళ్ళు చెయ్యనియ్యొద్దు, ముద్దుగా ఉందని అన్నం కుక్కితే ఆ ఒక్క కాలూ పోద్ది.

పెన్నా గట్టు:
నేను వద్దన్నా గానీ బాగైనందుకు సంతోషమే. ఒక్క మాట, మళ్ళీ మందలొచ్చినప్పుడు మీ బాతుల్ని వాటిలో కలపబాక. 2024 ఫిబ్రవరిలో మన పొదలకూరు, కోవూరు మండలాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్ళు ఎట్టా పోయినాయో చూశాం కదా, కాలవ నీళ్ళు కూడా అప్పుడు జాగ్రత్త. అన్నట్టు అది ఆడదా మగదా?

కోవూరు కుర్రోడు:
అదెట్టా తెలుస్తాది?

సింగరాయకొండ అక్క:
రెండు నెలలొచ్చేసరికి గొంతులో తెలుస్తది. గట్టిగా క్వాక్ అని ఊరంతా వినపడితే ఆడది, బొంగురుగా గుసగుసలాడితే మగది. మగదానికి తర్వాత తోక మీద ఈక మెలి తిరుగుద్ది. మీ ఇంకో బాతు మగదై, బుజ్జమ్మ ఆడదైతే ఎదిగినాక పగలు కలిపి ఉంచినా నువ్వు చూస్తుండగానే ఉంచు, అది మీదెక్కితే ఈ కాలు తట్టుకోదు. మిగతా టైములో మధ్యలో వల కట్టు, ఒకదానికొకటి కనపడాలి, వినపడాలి, బాతు ఒంటరిగా ఉంటే దిగులు పెట్టుకుంటది. రాత్రి మాత్రం రెండిట్నీ గట్టి గూట్లో పెట్టాలి, ముంగిసకి పారిపోలేని బాతంటే పండగే.

కోవూరు కుర్రోడు:
నిన్నటి నుంచి బుజ్జమ్మ అరుస్తానే ఉండాది అక్కా, పక్కింటోళ్ళు కూడా అడుగుతున్నారు ఏంది ఆ గోల అని. ఆడదే అయితే ఈ కాలుతో గుడ్లు పెడతాదా?

పొదిలి పశువైద్యం:
పెడతది, ఐదారు నెలలకి మొదలుపెట్టొచ్చు. గూటికి గడప లేకుండా నేలకి సమానంగా ఉంచు, ఎక్కలేదు కదా. ఆల్చిప్పల పొడి అప్పుడు వేరే గిన్నెలో పెడితే దానికి కావాల్సినంత అదే తింటది. ఇప్పుడే మేతలో కలపొద్దు, గుడ్ల కోళ్ళ మేత కూడా వద్దు, ఎదిగే పిల్లకి అంత కాల్షియం పడితే కిడ్నీలు దెబ్బతింటాయి.