చెరువు పక్క స్థలం: ఎఫ్‌టీఎల్, బఫర్ హద్దులపై మీ అనుభవాలు చెప్పండి

నిజాంపేట_కొనుగోలుదారు

నమస్కారం. హైదరాబాద్‌లో నిజాంపేట వైపు పంచాయతీ కాలం నాటి లేఅవుట్‌లో 200 గజాల స్థలం చూశాం. 2020లో ఎల్‌ఆర్‌ఎస్‌కు (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) దరఖాస్తు చేసి వెయ్యి రూపాయలు కట్టిన రసీదు ఉంది. కాలనీ ప్రహరీ అవతల ఒక కుంట. ఎండాకాలంలో ఎండిపోతుందట. అమ్మేవారు "బఫర్ అవతలే ఉంది, భయం లేదు" అంటున్నారు. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైటులో ఆ కుంట పటం తెరిచి చూశాను. ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు నిండితే నీరు నిలిచే అంచు, ప్లాటుకు కాస్త దూరంలో ఆగింది, దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన బఫర్ గీత మాత్రం ఒక మూలను తాకుతున్నట్టు కనిపిస్తోంది. ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చింది, తుది నోటిఫికేషన్ ఇంకా రాలేదు. బ్యాంకు అప్పు ఇస్తానంటోంది. ఆ గీతను ఎవరు గీస్తారు? ఎంతవరకు నమ్మవచ్చు? తెలిసినవారు చెప్పగలరు.

విశ్రాంత_ఇంజినీరు

నీటిపారుదల శాఖలో పనిచేశాను. చెరువు సర్వేలు స్వయంగా చేసినవాణ్ని కాబట్టి ఆ గీత ఎలా పుడుతుందో చెబుతాను.

చెరువు నిండి అలుగు (మిగులు నీరు పొర్లిపోయే రాతి కట్టడం) పారే వేళకు నీరు ఎక్కడివరకు నిలుస్తుందో ఆ అంచే ఎఫ్‌టీఎల్. అందుకే సర్వే అలుగు దగ్గరే మొదలవుతుంది. అలుగు పైమట్టం కొలిచి, అదే మట్టం పట్టుకుని చెరువు చుట్టూ తిరిగి వస్తాం. ఆ గీతను గ్రామ నక్షా మీద వేసి, ఏ సర్వే నంబరు పూర్తిగా మునుగుతుందో, ఏది కొంత మునుగుతుందో రాస్తారు. నీటిపారుదల, రెవెన్యూ అధికారులు పరిశీలించాక హెచ్‌ఎండీఏ ప్రాథమిక నోటిఫికేషన్ ఇస్తుంది. అభ్యంతరాలు తీసుకుని, విచారించి, తుది నోటిఫికేషన్ ఇవ్వాలి. ఈ పని కోసమే 2010లో చెరువుల పరిరక్షణ కమిటీ వేశారు. జాబితాలో ఉన్నవి 3,132 చెరువులు. వాటిలో చాలావాటి ఫైళ్లు ప్రాథమిక దశలోనే ఏళ్ల తరబడి ఉండిపోయాయి. రోగమంతా ఇక్కడే ఉంది. చెరువు హద్దు తేలకముందే దాని చుట్టూ లేఅవుట్లు వెలిశాయి, అనుమతులు వచ్చాయి, చేతులు మారాయి.

బఫర్ సంగతి వేరు. దాన్ని మట్టంతో కాదు, దూరంతో లెక్కిస్తారు. జీవో 168 అని అందరూ చెప్పే 2012 ఏప్రిల్ 7 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం, 10 హెక్టార్లు లేదా అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ అంచు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు. వాగు, నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, లోపైతే 2 మీటర్లు. నదికి పురపాలక పరిధిలో 50, బయట 100 మీటర్లు. ఎఫ్‌టీఎల్ లోపల నిర్మాణం కుదరదు. బఫర్‌ను పచ్చగా, ఖాళీగా వదలాలి.

10 హెక్టార్లంటే సుమారు 25 ఎకరాలు. మీ కుంట చూపుకు చిన్నదిగా ఉండవచ్చు. రికార్డులో విస్తీర్ణం ఎంత ఉందో అదే లెక్క. ముందు అది చూడండి. 9 మీటర్లయితే మీ మూల బయటపడవచ్చు, 30 అయితే ప్లాటులో సగం పోవచ్చు.

మణికొండ_గృహిణి

మా కాలనీలో ఉమ్మడి సర్వే జరిగిన రోజు దగ్గరుండి చూశాను. ఇంజినీరు గారు చెప్పినట్టు అలుగు దగ్గరే మొదలుపెట్టారు. తీరా చూస్తే అలుగు కనిపించలేదు! దాని మీదుగా ఎప్పుడో రోడ్డు వేసేశారు. సర్వేయర్లు పరికరం నిలబెట్టి, పాత కాగితాలు తిరగేస్తూ ఉండిపోయారు. చివరికి ఊళ్లో పెద్దాయన ఒకరు, ఒకప్పుడు ఆ చెరువు కింద వరి పండించినవారు, వచ్చి రోడ్డు వార గడ్డి పక్కకు తీసి చూపించారు. సున్నంతో కట్టిన రాతి వరుస. ఒక చివర గడ్డపారతో పగలగొట్టినట్టు జానెడు లోతు తెగి ఉంది.

ఇక అక్కడ మొదలైంది వాదన. నిలిచి ఉన్న రాయి మట్టం తీసుకుంటే మా వెనక రెండు వరుసల ఇళ్లు ఎఫ్‌టీఎల్ లోపలికి వస్తాయి. తెగిన చోటి మట్టం తీసుకుంటే ఒక్క ఇల్లూ రాదు. అంత ఎత్తు తేడా కూడా లేదు, చెయ్యి చాపి కొలిచేంతే. కానీ మా నేల చదును కాబట్టి ఆ కాస్త మట్టానికే నీటి అంచు ఎంతో దూరం జరుగుతుంది. ఆ ఇళ్లవాళ్ల ముఖాలు చూడలేకపోయాను. వాళ్లకు అనుమతి ఉంది, పన్ను కడుతున్నారు, కరెంటు, నీళ్లు అన్నీ ఇచ్చారు. అనుమతి ఇచ్చిన విభాగమూ, సర్వేకు వచ్చిన విభాగమూ ప్రభుత్వానివే. ఒకరి పటం ఇంకొకరి బల్ల మీదకు అంతకాలం ఎందుకు చేరలేదో ఎవరూ చెప్పలేదు.

మీకు నా సలహా: అభ్యంతరం ఉంటే రాసి ఇవ్వండి, ముద్ర వేసిన నకలు తీసుకోండి. సర్వే రోజు నోటితో చెప్పినవి ఎవరూ రాసుకోలేదు.

విశ్రాంత_ఇంజినీరు

అమ్మా, నిలిచి ఉన్న రాయే సరైనది. అలుగు పగలగొట్టినంత మాత్రాన చెరువు చిన్నదైపోదు. ఎగువన ప్లాట్లు బయటపడాలని రాత్రికి రాత్రి అలుగు కొట్టేయడం, తూము తెరిచి నీళ్లు వదిలేయడం నా ఉద్యోగంలో చూశాను. నాలుగేళ్లు నీళ్లు నిలవకపోతే అక్కడ చెరువుందని కొత్తగా వచ్చినవారికి తెలియదు. అందుకే పాత రికార్డు మట్టానికి అంత విలువ.

శిఖం_పట్టాదారు

అందరూ కొనేవారి వైపు నుంచే మాట్లాడుతున్నారు. మా వైపు కూడా వినండి. మాది శిఖం భూమిలో, అంటే చెరువు నీరు నిలిచే నేలలో, పట్టా. నీళ్లు వెనక్కి పోయాక సాగు చేసుకోవచ్చు, కట్టడం కట్టకూడదు. తాతల నాటి నుంచి ఆ కట్టుబాటు దాటలేదు. ఇప్పుడు చెరువులోకి వస్తున్నది కాలనీల మురుగు. అందులో ఏం పండుతుంది? పక్క సర్వే నంబరులో లారీలతో మట్టి పోసి మట్టం లేపారు, దాని మీద అపార్టుమెంట్లు లేచాయి, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కూడా వచ్చింది. నియమం పాటించిన మేము ఖాళీ భూమి చూసుకుంటూ కూర్చున్నాం.

చెరువు పోవాలని నేను అనడం లేదు. ఉండాలి. కానీ నగరం మునగకుండా ఉండటానికి మా భూమి ఖాళీగా ఉండాలంటే, దాని విలువ నగరం మాకు కట్టాలి. టీడీఆర్ (పోయిన భూమికి బదులు వేరే చోట వాడుకునే, అమ్ముకునే నిర్మాణ హక్కు) ఇస్తామంటారు. హద్దు తేలనిదే ఎన్ని గుంటలు లోపల, ఎన్ని బయట అన్న లెక్కే తేలదు. తుది నోటిఫికేషన్ రాకపోతే ఇళ్లు కొన్నవారికే నష్టం అనుకుంటున్నారు. మాకూ అంతే నష్టం.

కేటీ_తెలుగువాడు

నేను అమెరికాలో హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాను. ఇక్కడ కథ విన్నాక ఇది మన దగ్గరే జరిగేది కాదని తెలుస్తుంది.

హ్యూస్టన్‌ను వరద నుంచి కాపాడటానికి 1940లలో ఆడిక్స్, బార్కర్ అని రెండు జలాశయాలు కట్టారు. మామూలు రోజుల్లో వాటిలో నీళ్లుండవు, ఉద్యానాలు, ఆట మైదానాలే. చిక్కు ఏమిటంటే, నీరు నిండితే ఎంత మేర ఆక్రమిస్తుందో అంత భూమిని ప్రభుత్వం సేకరించలేదు. మిగిలిన అంచు ప్రైవేటు భూమిగానే ఉంది. తర్వాత అక్కడ వేలాది ఇళ్లు వచ్చాయి. ఫోర్ట్ బెండ్ కౌంటీ అధికారులు కొన్ని లేఅవుట్ పటాల మీద, ఈ స్థలాలు జలాశయం నీటిలో మునగవచ్చునని ఒక వాక్యం రాయించారు. ఆ పటం రికార్డుల గదిలో ఉంది. కొన్నవారిలో చాలామంది దాన్ని చూడనే లేదు. 2017 ఆగస్టులో హార్వీ తుఫానుకు జలాశయాలు వెనక్కి నిండి ఆ ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. తమ ఇల్లు జలాశయం లోపల ఉందని పడవ ఎక్కిన రోజున తెలిసినవాళ్లు నాకు తెలుసు. 2019 డిసెంబరులో ఫెడరల్ న్యాయస్థానం ఈ ఎగువ ఇళ్ల విషయంలో ప్రభుత్వానిదే బాధ్యత అని తేల్చింది.

హ్యూస్టన్ నగర మండలి 2018 ఏప్రిల్‌లో ఇళ్ల నిర్మాణ నిబంధన మార్చింది. 9 ఓట్లు అనుకూలం, 7 వ్యతిరేకం. ఇళ్ల ధరలు పెరుగుతాయని బిల్డర్ల వైపు నుంచి గట్టి వాదన నడిచింది. అంతకుముందు, 100 ఏళ్ల వరద మైదానంలో కట్టే ఇంటి నేల ఆ వరద మట్టానికి ఒక అడుగు ఎత్తున ఉంటే చాలు. 2018 సెప్టెంబరు 1 నుంచి 500 ఏళ్ల వరద మట్టం కంటే 2 అడుగులు పైన ఉండాలి. 500 ఏళ్ల వరద అంటే 500 ఏళ్లకు ఒకసారి వచ్చి పోయేదని కాదు. ఏ ఏడాదైనా రావడానికి 0.2 శాతం అవకాశం ఉన్నది. 100 ఏళ్ల వరదకు 1 శాతం. పైగా 100 ఏళ్ల మైదానంలో మట్టి పోసి నేల లేపితే, అంత నీటికి సరిపడా చోటు తవ్వి చూపించాలి. లేకపోతే మీ ఇల్లు పొడిగా ఉంటుంది, ఆ నీళ్లు పక్కింట్లో ఉంటాయి. పట్టాదారు గారు చెప్పిన లారీల మట్టి గురించి చదివి ఇది రాయాలనిపించింది.

సింగ్‌నగర్_వాసి

విజయవాడ నుంచి రాస్తున్నాను. 2024 సెప్టెంబరు 1న మా మీదకు బుడమేరు వాగు వరద వచ్చింది. మళ్లింపు కాలువ సామర్థ్యం 15,000 క్యూసెక్కులు, వచ్చిన వరద అందుకు రెట్టింపు కన్నా ఎక్కువ. ఆ కాలువ కలిసేది కృష్ణలో. కృష్ణ కూడా అదే సమయంలో పొంగి, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇటు నీరు అటు పోయే దారి లేదు, గండ్లు పడి మా మీదకు వచ్చింది. పాత బుడమేరు పారిన దారి పొడవునా ఇప్పుడున్నవి మా ఇళ్లే. మా ఇంటి అనుమతి పత్రంలో రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ), పార్కింగ్ అన్నీ ఉన్నాయి. ఏటి మట్టం ఎంత, నేల మట్టం ఎంత అన్నది ఒక్క గడిలోనూ లేదు. దూరం కొలిచే నియమం మమ్మల్ని కాపాడలేదు. కేటీ వారు చెప్పిన మట్టం పద్ధతి ఇక్కడా రావాలి.

విశ్రాంత_ఇంజినీరు

సింగ్‌నగర్ వారి మాటకు నా పూర్తి మద్దతు. మన నిబంధనలో పెద్ద లోపమిదే. 12 మీటర్ల నాలాకు ఎగువన ఒక కాలనీ నీరే వచ్చినా, పది చెరువుల గొలుసుకట్టు నీరంతా వచ్చినా వదలాల్సింది అదే 9 మీటర్లు.

ఇంకొకటి. ఎఫ్‌టీఎల్, బఫర్ రెండూ చెరువు నీరు నిలిచే అంచుకే సంబంధించినవి. కట్ట కింద సంగతి ఎవరు చూస్తారు? 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్ల వాన కురిసింది. ఆ వానల్లోనే పాతబస్తీ వైపు పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగాయి. మునిగిన ఇళ్లలో ఎన్నో కట్టకు దిగువన, అలుగు నీరు పారే దారిలో ఉన్నవి. ఎఫ్‌టీఎల్ పటంలో అలాంటి ఇల్లు నిక్షేపంగా బయటే ఉంటుంది. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య గారు నగరంలో ఒడ్డు కొలిచి ఊరుకోలేదు. ఎగువ పరీవాహకమంతా లెక్కగట్టి, నీటిని అక్కడే ఆపమన్నారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ అలా పూర్తయ్యాయి. నూరేళ్ల కిందట చేయగలిగిన లెక్క ఇప్పుడు ఎందుకు చేయరు?

రంగారెడ్డి_న్యాయవాది

కొనుగోలుదారు గారూ, మీ కాగితాల సంగతి చూద్దాం.

వెయ్యి రూపాయల రసీదు దరఖాస్తు రుసుముదే. అది క్రమబద్ధీకరణ కాదు. చెరువు, శిఖం భూముల్లోని ప్లాట్లకు ఎల్‌ఆర్‌ఎస్ వర్తించదు కూడా. బ్యాంకు అప్పు ఇస్తోందంటే యాజమాన్య పత్రాలు సరిగ్గా ఉన్నాయని వారి న్యాయవాది రాశాడని అర్థం, చెరువు హద్దు చూశాడని కాదు. రిజిస్ట్రేషన్ కూడా అంతే. రేపు ఇంటి అనుమతికి స్వీయ ధ్రువీకరణ పద్ధతిలో వెళితే, స్థలం జలవనరులో లేదని సంతకం పెట్టాల్సింది మీరే. తప్పని తేలితే అనుమతి రద్దవుతుంది, బాధ్యత మీ మెడకు చుట్టుకుంటుంది.

చెరువుల్లో ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక చాలామంది అడుగుతున్నారు. 2024 జులైలో ఏర్పడింది. జనం నివసిస్తున్న ఇళ్ల జోలికి వెళ్లబోమని ఆ సెప్టెంబరులో ప్రకటించింది. అది ఇప్పటికే ఉంటున్నవారికి ఊరట. ఖాళీ ప్లాటు కొని ఇప్పుడు కట్టబోయే మీకు ఆ మాట పనికిరాదు.

నిజాంపేట_కొనుగోలుదారు

అందరికీ ధన్యవాదాలు. రికార్డులో కుంట విస్తీర్ణం 10 హెక్టార్ల లోపే ఉంది. అంటే 9 మీటర్లు. మూల మాత్రమే తగులుతుంది అనుకుందాం. ఆ మూల వదిలేసి మిగతా దాంట్లో కట్టుకోవచ్చా? అమ్మేవారు బయానా తొందరపెడుతున్నారు.

రంగారెడ్డి_న్యాయవాది

నిబంధన ప్రకారం వీలుంది. కానీ బఫర్‌గా వదిలిన చోటును సెట్‌బ్యాక్‌గా చూపించడానికి లేదు. సెట్‌బ్యాక్ విడిగా వదలాలి. 200 గజాల్లో ఇంటికి ఎంత మిగులుతుందో గీయించి చూసుకున్నాకే ధర మాట్లాడండి. ఎన్‌ఓసీ రాకపోతే బయానా తిరిగి ఇవ్వాలన్న షరతు ఒప్పంద పత్రంలో రాయించండి. అమ్మేవారు అందుకు ఒప్పుకోకపోతే అక్కడితో ఆగిపోండి.

విశ్రాంత_ఇంజినీరు

ఎన్‌ఓసీకి రాసేటప్పుడు సర్వే నంబరు ఒక్కటే ఇవ్వకండి. ప్లాటు నాలుగు మూలల అక్షాంశ రేఖాంశాలు, ప్రతి మూల దగ్గర నేల మట్టం లైసెన్సు ఉన్న సర్వేయరుతో కొలిపించి జతచేయండి. అలుగు మట్టం ఎంతో ఆ కార్యాలయాన్నే లిఖితపూర్వకంగా అడగండి, ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టాక అలుగు నీరు ఏ వైపు పారుతుందో కూడా నడిచి చూడండి. మీ కాలనీ కట్టకు ఎగువన ఉందా, దిగువనా? అది మీరు ఇంతవరకు చెప్పలేదు.