స్లీపీ హాలో డచ్ చర్చి: 1685లో కట్టారా, 1699లోనా?

ఎడిసన్ కోడలు: అందరికీ నమస్తే. గుంటూరు నుంచి అత్తయ్య, మావయ్య వచ్చారు, ఈ శనివారం న్యూయార్క్ స్టేట్‌లో స్లీపీ హాలో పాత డచ్ చర్చి చూపిద్దామని ప్లాన్. పోయిన నెల మేమిద్దరం వెళ్ళినప్పుడు గోడకున్న పలక మీద 1699 అని చూసి ఫోటో తీసుకున్నా. ఇంటికొచ్చి చదివితే ఎక్కువచోట్ల 1685 అనుంది, ఇంకోచోట 1697. మావయ్య రిటైరైన హిస్టరీ మాస్టారు, తప్పు చెబితే అక్కడే పట్టేస్తారు, నా టెన్షనంతా అదే. ఏది కరెక్ట్?

హడ్సన్ ఒడ్డు: మూడింటికీ ఆధారముందండీ, కాకపోతే మూడూ ఒకదాని గురించి కాదు. 1685 అన్నది చర్చి గంట మీద ఉన్న సంవత్సరం, దాన్ని హాలండ్‌లో పోత పోయించి తెప్పించారు. 1697లో అక్కడ చర్చి సంఘం ఏర్పడింది. గిలియం బెర్తోల్ఫ్ అనే పాస్టర్ న్యూజెర్సీలోని హాకెన్‌సాక్ నుంచి అప్పుడప్పుడూ వచ్చి బాప్తిస్మాలిచ్చి వెళ్ళేవారు, అక్కడే ఉండే పాస్టర్ లేరు. ఇక మీరు చూసిన పలక. ఆ ప్రాంతపు జమీందారు ఫ్రెడరిక్ ఫిలిప్స్, ఆయన భార్య కేథరీనా వాన్ కోర్ట్‌లాండ్ 1699లో కట్టించారని దాని మీద ఉంటుంది. ఈమె రెండో భార్య, పెళ్ళయింది 1692లో. ఇంకో తిరకాసు, ఆ పలక ఇంగ్లీషులో ఉంది, అదే సంఘానికి డిర్క్ స్టార్మ్ అనే ఆయన 1715లో మొదలుపెట్టిన రికార్డు పుస్తకమేమో డచ్‌లో ఉంది. అంటే పలక తర్వాతెప్పుడో పెట్టి ఉంటారనిపిస్తుంది, అందుకే దాన్ని నేను పెద్దగా నమ్మను. అలాగని గంట పోసిన ఏడాదే గోడలూ లేచాయనీ అనలేం. 1685 ప్రాంతంలో కట్టడం మొదలై ఉంటుంది, 1697కల్లా సంఘం నడుస్తోంది అని చెప్పండి, మాస్టారు ఒప్పుకుంటారు.

ఎడిసన్ కోడలు: థాంక్యూ అండీ. కానీ 1664లోనే ఇంగ్లీషువాళ్ళు న్యూయార్క్ లాక్కున్నారు కదా, మరి డచ్ చర్చి ఎలా అయింది?

హడ్సన్ ఒడ్డు: జెండా మారింది గానీ ఊళ్ళో జనం మారలేదు కదండీ. ఇంట్లో, ప్రార్థనలో డచ్చే మాట్లాడేవాళ్ళు. ఫిలిప్స్ కూడా ఆ గడ్డ మీదికి డచ్ వెస్ట్ ఇండియా కంపెనీ వడ్రంగిగా వచ్చినవాడే. ఓడల వ్యాపారమున్న మార్గరెట్ హార్డెన్‌బ్రూక్‌ని 1662లో చేసుకున్నాక దశ తిరిగింది, 1693కి పెద్ద జమీందారు. ఆ డబ్బులో బానిసల వ్యాపారం సొమ్ము కూడా ఉంది, చర్చి దగ్గరి పిండిమర నడిపింది ఆఫ్రికన్ బానిసలే, 1750 నాటి ఆస్తుల జాబితాలో 23 మంది లెక్క తేలారు. ఇది చెప్పకుండా రాతి గోడలు మాత్రం చూపించి రావడం నాకు నచ్చదు. ఆయన 1702లో పోయాడు, ఆ చర్చి కిందే సమాధి చేశారు. కప్పు మీద గాలికి తిరిగే రేకులో వి, ఎఫ్ అక్షరాలు కత్తిరించి ఉంటాయి, డచ్‌లో ఆయన పేరు వ్రెడ్రిక్ ఫ్లిప్సెన్ కదా, అదన్నమాట.

బందరు లడ్డు: మధ్యలో దూరుతున్నా. మాస్టారికి మా ఊరి సంగతి కూడా చెప్పండమ్మా. డచ్‌వాళ్ళు బందరులో దిగింది 1605లో, అంటే ఈ చర్చికి 80 ఏళ్ళ ముందు. కాకపోతే ఇక్కడికి వచ్చింది ఈస్ట్ ఇండియా కంపెనీ, అక్కడికి వెళ్ళింది వెస్ట్ ఇండియా కంపెనీ, రెండూ వేరు. మా వలందపాలెంలో వలంద అంటే హాలండే. డచ్ సమాధులు బందరులోనూ ఉన్నాయి, భీమిలిలోనూ ఉన్నాయి.

హడ్సన్ ఒడ్డు: సమాధులంటే గుర్తొచ్చింది. చర్చిని ఆనుకుని ఉన్నది పాత శ్మశానం, పక్కన పెద్దది 1849లో మొదలైన స్లీపీ హాలో సిమెట్రీ, రెంటినీ కలిపేయకండి. ఈ ఊరి మీద తలలేని రౌతు దెయ్యం కథ రాసిన వాషింగ్టన్ ఇర్వింగ్ సమాధి పెద్దదాంట్లో ఉంది, మావాళ్ళు దానికోసం చర్చి చుట్టూ గంటసేపు వెతికారు. చర్చి తలుపులు అన్ని రోజులూ తీసి ఉండవు, ముందే కనుక్కోండి. అక్టోబర్‌లో అయితే ఆ ఊరి వైపే వెళ్ళకండి, హాలోవీన్ జనం, కారు పెట్టే చోటు దొరకదు. అన్నట్టు అత్తయ్యగారు చర్చికి వెళ్తారా? గంట మీద లాటిన్‌లో ఒక వాక్యం ఉంది, రోమా పత్రిక 8:31.

ఎడిసన్ కోడలు: వెళ్తారండీ, ఇప్పుడే అడిగా. కూర తరుగుతూ తల కూడా ఎత్తకుండా "దేవుడు మన పక్షముననుండగా మనకు విరోధి ఎవడు" అనేశారు. పలక సంగతి మావయ్యకి చెప్పా, ఫోటో పంపమని కూర్చున్నారు.